కొత్త ప్యాడ్లు వేశాక బ్రేకు కీచుమంటోందా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది చిన్న హ్యాచ్‌బ్యాక్, 52 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు చక్రాల ప్యాడ్లు అరిగిపోతే పోయిన నెల నేనూ మా తమ్ముడూ ఇంటి దగ్గరే మార్చుకున్నాం. పాతవి తీశాం, కొత్తవి పెట్టాం, అంతే. రెండో రోజు నుంచి మెల్లగా ఆపుతుంటే కీచుమని ఒకటే అరుపు, రోడ్డు మీద అందరూ తిరిగి చూస్తున్నారు. బ్రేకు మాత్రం బాగానే పడుతోంది. తెలిసిన మెకానిక్ ప్యాడ్లు ఊడదీసి ఎమరీ పేపర్‌తో రుద్దితే వారం బాగుంది, మళ్లీ మొదలైంది. ప్యాడ్లే మంచివి కావు, వేరేవి కొనమంటున్నారు. మా తమ్ముడేమో గ్రీజు రాస్తే పోతుందంటున్నాడు. రాయొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు గ్రీజు సంగతి. రాయాలి, కానీ ఎక్కడ రాయాలో తెలిశాకే డబ్బా మూత తీయండి. ప్యాడు డిస్కును, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని, పట్టుకునే వైపు కొంచెం అంటినా బ్రేకు జారిపోతుంది, ఆ ప్యాడ్లు ఇక పనికిరావు. ఈ ఒక్క విషయం మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి.

ప్యాడ్లు కొనడానికి తొందరపడకండి. "పాతవి తీశాం, కొత్తవి పెట్టాం, అంతే" అని రాశారు చూడండి, నా అనుమానం అక్కడే. బ్రేకు వేసినప్పుడు ప్యాడు డిస్కును పట్టుకుని వదిలి, మళ్లీ పట్టుకుని వదులుతూ సెకనుకు కొన్ని వేలసార్లు వణుకుతుంది, ఆ వణుకు డిస్కుకూ, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌కూ పాకి మోతగా బయటికి వస్తుంది. గుడిలో గంట కొట్టి చేత్తో పట్టుకుంటే మోత ఆగిపోతుంది కదా, ప్యాడు వెనక ఉండే షిమ్ అనే పల్చటి రేకు చేసే పని అదే. ప్యాడు తన చోట సరిగ్గా కూర్చోకపోతే ఎంత ఖరీదైనదైనా అరుస్తుంది. ఎమరీతో రుద్దినప్పుడు పైపైన ఉన్న నున్నదనం పోయి వారం ఊరుకుంది, కూర్చునే చోటు మాత్రం అలాగే ఉండిపోయింది.

కాబట్టి మళ్లీ విప్పండి. చదునైన నేల మీద, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా కింద స్టాండ్ కూడా పెట్టండి. దుమ్మును నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి అసలే వద్దు, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిగుడ్డతో తుడవండి. ఇప్పుడు ప్యాడు చెవులు, అంటే రెండు చివర్లా పొడుచుకొచ్చిన కొసలు, కూర్చునే చోట ఉన్న స్టీలు క్లిప్పులు తీయండి. వాటి కింద తుప్పు పట్టి ఉబ్బితే క్లిప్పు పైకి లేచి ప్యాడును బిగించేస్తుంది. చాలామంది వదిలేసేది ఇదే! వైర్ బ్రష్‌తో లోహం కనిపించేదాకా గీకండి, క్లిప్పులు వంగినా వదులైనా కొత్తవి వేయండి, వాటి ధర ప్యాడ్ల ధరతో పోలిస్తే చాలా తక్కువ. చివరికి ప్యాడు వేలితో నెడితే కదలాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే ఇంకా ఏదో అడ్డముందని అర్థం.

గ్రీజు బ్రేకుల కోసమే తయారైన, వేడిని తట్టుకునేది కొనండి. ప్యాడు వెనక రేకు మీద పిస్టన్ (బ్రేకు వేస్తే ప్యాడును నెట్టే గుండ్రటి ముక్క), క్యాలిపర్ ఆనే చోట, చెవుల మీద, చేతికి గంధం రాసినంత పల్చగా రాస్తే చాలు. క్యాలిపర్ జరిగే పిన్నులను బయటికి లాగి తుడిచి వాటికీ రాయండి, అయితే అక్కడ రబ్బరుకు పడే సిలికాన్ రకమే వాడాలి. బేరింగులకు రాసే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది. షిమ్ ప్యాడుకే అతికి వస్తే దాని మీద ఇంకొకటి పెట్టొద్దు.

ఇంకొకటి చూడండి. కొన్ని ప్యాడ్లకు ఒక చిన్న రేకు నాలుకలా ఉంటుంది, ప్యాడు బాగా అరిగాక అది డిస్కుకు తగిలి కీచుమని హెచ్చరించడానికి పెట్టారు. లోపలి ప్యాడు బయట పెట్టినా, ఆ రేకు వంగిపోయినా కొత్త ప్యాడ్లే మొదటి రోజు నుంచి అరుస్తాయి.

డిస్కు అంచున గట్టు లేచిందేమో చల్లారాక గోటితో తడిమి చూడండి. మెరుస్తూ నున్నగా ఉంటే ఎమరీతో గుండ్రంగా రుద్ది బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. లోతైన గీతలుంటే మెకానిక్‌కు చూపించండి. కనీస మందం ఎంతో సాధారణంగా డిస్కు మీదే అచ్చువేసి ఉంటుంది, అంతకన్నా తగ్గితే రెండువైపులా మార్చాల్సిందే.

పిస్టన్ వెనక్కి నెట్టేటప్పుడు బ్రేక్ ఆయిల్ పొంగి పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది. అంతా బిగించాక, కారు కదలకముందే, పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఇది మర్చిపోతే మొదటి బ్రేకు పడదు, దయచేసి మర్చిపోవద్దు.

తర్వాత తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని 50 వేగం నుంచి 10కి, ఓ మోస్తరుగా, ఎనిమిది పదిసార్లు తగ్గించండి, మధ్యలో అర నిమిషం ఊరికే నడపండి. పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు. ఇలా చేస్తే ప్యాడు పదార్థం డిస్కు మీద పల్చగా, సమానంగా అంటుకుంటుంది. ఇదంతా చేశాక కూడా అరిస్తే అప్పుడు ప్యాడ్లు మార్చండి. లోహం ఎక్కువున్న ప్యాడ్లకు మోత కాస్త ఎక్కువే, సిరామిక్ రకం నెమ్మది.

ప్రశ్న: వానాకాలంలో పొద్దున్నే కారు తీస్తే మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటుంది, తర్వాత ఏమీ ఉండదు. టెన్షన్ పడాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అక్కర్లేదమ్మా. డిస్కు పోత ఇనుము, రాత్రి తడికీ మీ సముద్రపు గాలికీ పైన పల్చటి తుప్పు పడుతుంది, రెండు బ్రేకులకే రాలిపోతుంది. కారు కడిగిన రోజు వీధి చివరిదాకా ఒక చుట్టు తిప్పి, రెండుసార్లు బ్రేకు వేసి ఆరాక పార్క్ చేయండి. పది నిమిషాలు నడిపాక కూడా గరగర పోకపోయినా, ఒక చక్రం మాత్రమే వేడెక్కినా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగినా ఆ రోజే షెడ్డుకు తీసుకెళ్లి చక్రం విప్పించండి.