గుణదలకు మనం వెళ్లాం కదా, మన గారె తను ఎందుకు తినదు?

మాది గుంటూరు. వయసు 41. టీచర్‌గా చేస్తున్నాను. మేమిద్దరం ఆడపిల్లలమే, అన్నదమ్ములు లేరు. చెల్లి విజయవాడలో ఉంటుంది. రెండేళ్ల క్రితం భర్తతో పాటు బాప్తిస్మం తీసుకుంది. బంధువులు రకరకాలుగా అన్నారు గానీ నేను ఒక్క మాట అనలేదు. అన్ని మతాల్లోనూ ఎంతో కొంత సత్యం ఉందని నమ్మే మనిషిని. మొన్న నాన్న సంవత్సరీకానికి వచ్చింది. ఫోటో ముందు ఆకులో వడ్డించిన గారెలు, పరమాన్నం మాత్రం ముట్టలేదు. ‘ఏ దేవుడైతే ఏంటే, అందరూ ఒక్కటే కదా, తిను’ అని అందరి ముందూ గారె చేతిలో పెట్టాను. దాన్ని పక్కన పెట్టేసి, ‘నువ్వింకా చీకట్లోనే ఉన్నావక్కా’ అని వెళ్లిపోయింది. చిన్నప్పుడు అమ్మ మా ఇద్దరినీ గుణదల కొండ మీది మేరీమాత దగ్గరికి తీసుకెళ్లి కొవ్వొత్తులు వెలిగించేది. మాకు లేని పట్టింపు తనకెందుకు? తర్వాత ఏనుగు, గుడ్డివాళ్ల కథ వాట్సాప్‌లో పంపాను. చూసింది, జవాబు లేదు. మూడు నెలలైంది. అమ్మ బెంగతో సరిగా తినడం లేదు. మావారేమో ‘నీ పెద్ద మనసే కొంప ముంచింది’ అంటున్నారు. నా నమ్మకం తప్పా? చెల్లికి ఎలా నచ్చజెప్పాలి?

— ఒక అక్క, గుంటూరు

మీ నమ్మకంలో తప్పు లేదమ్మా. కాకపోతే ఆ రోజు మీ నోటి వెంట వచ్చింది ఆ నమ్మకం కాదు. నాకు రాసింది ‘అన్ని మతాల్లో ఎంతో కొంత సత్యం ఉంది’ అని. చెల్లితో అన్నది ‘అందరూ ఒక్కటే’ అని. మొదటి మాటలో, నాకు తెలియనిది నీ దగ్గర ఉండొచ్చు అనే ఒప్పుకోలు ఉంది. రెండోదాంట్లో, నీ దగ్గర కొత్తగా ఏముందిలే అనే తీసిపారేయడం ఉంది. చుట్టాల సూటిపోటి మాటలన్నీ పడి ఆమె ఒక దారి పట్టింది. ఆ మాటలు పడేటప్పుడు కూడా ఆమెకు అంత బాధ కలిగి ఉండదు. సొంత అక్క ‘ఏదైతే ఏంటే’ అనేసరికి తట్టుకోలేకపోయింది.

ఇక గారె సంగతి. ఇది మీ చెల్లి కొత్తగా తెచ్చుకున్న పట్టింపు కాదు, దాదాపు రెండు వేల ఏళ్ల నాటి చర్చ. బైబిల్లో, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో, అంటే ఉత్తరంలో, 8వ, 10వ అధ్యాయాలు చూడండి. విగ్రహాలకు పెట్టిన ఆహారం తినొచ్చా అన్నదే అక్కడి ప్రశ్న. తిండి వల్ల దేవుడికి దగ్గరవడం, దూరమవడం ఉండదంటూనే, నువ్వు తినడం చూసి మరొకరి మనస్సాక్షి తడబడేట్టయితే తినొద్దంటాడు. దీన్ని క్రైస్తవులందరూ ఒకేలా పాటించరు. ప్రసాదం తీసుకుని కళ్లకద్దుకునేవాళ్లు నాకు తెలుసు, అస్సలు ముట్టనివాళ్లూ తెలుసు. మీ చెల్లి ముట్టనివాళ్లలో ఉంది, అంతే. మీకది నాన్నకు ఇష్టమైన గారె. ఆమెకు అది హారతి ఇచ్చిన ఆకులోది. నాన్న మీద ప్రేమ తగ్గి పక్కన పెట్టిందనుకోకండి. ప్రేమ లేకపోతే ఆ రోజుకి బస్సెక్కి గుంటూరు దాకా వచ్చేదే కాదు.

గుణదల లెక్క మీరు సరిగ్గా వేయలేదు. ఫిబ్రవరిలో తిరునాళ్లప్పుడు ఆ కొండ దగ్గర కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, తలనీలాలు ఇచ్చేవాళ్లు బోలెడంతమంది. మీ అమ్మగారు కొవ్వొత్తి వెలిగించినప్పుడు ఆవిడ వదులుకోవాల్సింది ఏమీ లేకపోయింది. పూజ గదిలో దుర్గమ్మ పక్కన ఇంకో పటానికి చోటు దొరికింది, అంతే. మీ చెల్లి వెళ్లిన దారిలో ఆ వీలు లేదు. అసలు ఇప్పుడు ఆమె గుణదల కొండే ఎక్కకపోవచ్చు. గుణదల కేథలిక్కులది, ప్రొటెస్టెంట్ సంఘాల్లో మేరీమాతకు మొక్కే ఆచారం లేదు. ఆమె ఏ సంఘానికి వెళ్తుందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ రెండేళ్లలో అడిగారా?

ఏనుగు కథ నాకూ ఇష్టమే. బౌద్ధులు చెప్పుకున్నారు, జైనులు చెప్పుకున్నారు. కానీ ఆ కథ చెప్పే మనిషి ఎక్కడ నిలబడి ఉంటాడో గమనించారా? తోక పట్టుకున్నవాడు గుడ్డివాడు, చెవి పట్టుకున్నవాడు గుడ్డివాడు. చెప్పేవాడికి మాత్రం ఏనుగు మొత్తం కనబడుతుంది. చెల్లికి ఆ కథ పంపడమంటే, ‘నువ్వు తోక పట్టుకున్నావు, నాకు ఏనుగు కనబడుతోంది’ అని చెప్పడమే. ఆమె ‘చీకట్లో ఉన్నావు’ అన్నదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. మీరు కాస్త మర్యాదగా అన్నారు, అంతే. నేనూ ఒకప్పుడు ఈ కథ తెగ చెప్పేదాన్ని. ఒక పెద్దాయన ‘మరి నువ్వు ఏం పట్టుకున్నావమ్మా?’ అని అడిగిన రోజు నుంచి మానేశాను.

విజయవాడ పటమటలోని నాస్తిక కేంద్రం గోరా గారిది. ఆయన దేవుణ్ణి నమ్మరు, గాంధీ గారు నమ్ముతారు. ఇద్దరూ గంటల తరబడి వాదించుకున్నారు. గోరా గారి పెద్దమ్మాయి కులాంతర వివాహాన్ని సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానని గాంధీ గారు ఒప్పుకున్నారు. అయితే ప్రమాణంలో దేవుడి పేరు ఎలా? నాస్తికులు ఆ మాట అనలేరు కదా! అందుకని ‘దేవుడి సాక్షిగా’ అనే చోట ‘సత్యం సాక్షిగా’ అందామన్నారు. గాంధీ గారు పోయాక, 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది. గాంధీ గారు నాస్తికుడు కాలేదు, గోరా గారు భక్తుడు కాలేదు. ‘మనిద్దరిదీ ఒకటేలే’ అని సర్దుకోనూ లేదు. ఎదుటివాళ్లు అనలేని మాటను ఒకదాన్ని పక్కన పెట్టారు, అంతవరకే.

మీరు చేయగలిగిందీ అంతే. చెల్లికి నచ్చజెప్పే ఆలోచన ముందు మానేయండి. మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. ‘అందరి ముందూ నీ చేతిలో గారె పెట్టడం నాది పొరపాటు’ అనండి. ‘కానీ’ అని మాత్రం ఆ వాక్యాన్ని పొడిగించకండి. ‘చీకట్లో ఉన్నావు’ అన్న మాట మిమ్మల్ని గుచ్చిందని కూడా చెప్పాల్సిందే. అయితే అదే ఫోన్‌లో వద్దు, మనసు కుదుటపడ్డాక. ఆమె మీకు వాక్యం చెప్పడం మొదలుపెడితే ‘నాకు మొక్కడానికి నా దేవుళ్లు ఉన్నారే’ అని నవ్వుతూ ఆపే హక్కు మీకుంది. మధ్యలో అమ్మని రాయబారానికి పంపకండి.

వచ్చే సంవత్సరీకానికి ఒక పని చేయొచ్చు. ఫోటో ముందు వడ్డించకముందే, మొదటి వాయి గారెలు నాలుగు టిఫిన్ డబ్బాలో తీసి పక్కన ఉంచండి. ఇలా చేస్తే తింటావా అని ముందే ఆమెను అడగండి. చాలా ఇళ్లలో చడీచప్పుడు లేకుండా ఇదే జరుగుతోంది. అప్పటికీ వద్దంటే బలవంతం చేయకండి. అందరితో పాటు కూర్చుని నాన్న కబుర్లు చెబితే చాలు.

అమ్మ బెంగ గారె గురించి కాదేమో అనిపిస్తోంది. కొడుకుల్లేని ఇల్లు, ఇద్దరు కూతుళ్లలో ఒకరు ఈ తంతుకి దూరమయ్యారు. రేపు తన సంగతేంటని ఆవిడ మనసులో ఉండొచ్చు. రాత్రి పక్కన కూర్చుని అడగండి. ‘నీకు ఏం చేయాలో చెప్పమ్మా, నేను చేస్తాను’ అని మీరు అంటే ఆవిడ రెండు ముద్దలు ఎక్కువ తింటారు.

ఫోన్ మాత్రం ఆదివారం పొద్దున చేయకండి. ఆ టైమ్‌కి మీ చెల్లి ప్రార్థనలో ఉంటుంది. ఎత్తకపోతే మీరు మళ్లీ ఏదో ఊహించుకుంటారు.