కె.ఎస్. భరత్‌ని 7 టెస్టులకే ఎందుకు పక్కన పెట్టారు? ఒక పర్లాకిమిడి కీపర్ జవాబు

మీరు అడిగింది ఇది: భరత్ అంత మంచి కీపర్ అంటారు కదా, 7 టెస్టులతోనే ఎందుకు ఆపేశారు? మా తమ్ముడూ కీపరే, బ్యాటింగ్ అంతంతమాత్రం, కీపింగ్‌నే నమ్ముకోవచ్చా?

సూటిగా చెప్తాను. భారత టెస్టు జట్టుకి ఆడిన విశాఖ కీపర్ భరత్‌ని చేతులు చూసి తీసుకున్నారు, పరుగులు చూసి తీసేశారు. ఇప్పుడు కీపర్లందరి బతుకూ ఇంతే.

మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. టౌన్ టీముకి చాలా ఏళ్లు కీపింగ్ చేశాను. బౌలర్‌ని ఒడియాలో ఎగదోస్తూ, స్లిప్‌లో ఉన్న మా బావతో తెలుగులో గొణుగుతూ ఆడినవాణ్ణి. మ్యాట్ (పిచ్ మీద పరిచే చాప) మీద కీపింగ్ హాయి, బంతి ఒకేలా లేస్తుంది. కోతలయ్యాక పొలంలో వేసుకునే మట్టి పిచ్ దగ్గరే తేలిపోతుంది ఎవడి పనితనమెంతో. ఒక బంతి గడ్డం దాకా వస్తుంది, తర్వాతిది చీలమండ దగ్గర పాకుతుంది. పైగా లెగ్ సైడ్ వెళ్లే స్పిన్ బంతికి బ్యాటర్ ఒళ్లు అడ్డమొచ్చి ఒక్క క్షణం ఏమీ కనిపించదు. ఎక్కడ తేలుతుందో ఊహించి చేతులు పెట్టాలి. కొత్తవాళ్లు బంతి పడకముందే లేచి నిలబడిపోతారు. బంతి లేస్తే దానితో పాటు లేవాలి, లేవకపోతే కిందే ఉండిపోవాలి. మోకాళ్లు అరిగేది ఈ ఉండిపోవడంలోనే.

భరత్ ఆ కింద ఉండిపోవడంలో ఘనుడు. 2021 నవంబరులో న్యూజిలాండ్ మీద కాన్పూర్ టెస్టులో మన కీపర్ సాహాకి మెడ పట్టేస్తే సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. స్పిన్నర్లు తిప్పుతున్న పిచ్ మీద విల్ యంగ్, రాస్ టేలర్ క్యాచ్‌లు పట్టాడు, లేథమ్‌ని స్టంప్ చేశాడు. అప్పటికి అతనికి టెస్టు క్యాప్ కూడా లేదు. 2022 డిసెంబరు 30న అప్పటి మన టెస్టు కీపర్ పంత్‌కి కారు ప్రమాదం జరిగాక, 2023 ఫిబ్రవరి 9న ఆస్ట్రేలియా మీద నాగపూర్‌లో అరంగేట్రం. ఆ రోజే జడేజా బౌలింగ్‌లో లబుషేన్‌ని 49 దగ్గర స్టంప్ చేశాడు. టీవీలో చూస్తూ మా వాళ్లు వికెట్‌కి అరిచారు, నేను మాత్రం చేతుల వేగానికి అరిచాను.

అలాగని బ్యాట్ పట్టడం రానివాడేం కాదు. 2015లో ఒంగోలులో గోవా మీద 308 కొట్టాడు. రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన మొదటి కీపర్ అతనే. 2021 ఐపీఎల్‌లో బెంగళూరుకి ఆడుతూ ఢిల్లీ మీద ఆఖరి బంతికి సిక్సుతో గెలిపించాడు. కానీ టెస్టుల్లో 12 ఇన్నింగ్స్‌లో 221 పరుగులే, సగటు 20 పైచిలుకు, అత్యధికం 44. ఒక్క యాభై లేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది 2024 జనవరి హైదరాబాద్ టెస్టు. ఇంగ్లండ్ మీద 231 ఛేజింగ్, 119కి 7 వికెట్లు పోయాయి. అశ్విన్‌తో కలిసి 57 జోడించి 28 దగ్గర బౌల్డయ్యాడు. 28 పరుగుల తేడాతోనే ఓడాం. ఆ రోజు నిలబడి గెలిపించి ఉంటే కథ వేరుగా ఉండేదని నా నమ్మకం.

తర్వాతి టెస్టు అతని సొంతూరు విశాఖలోనే. మా వైపు నుంచి శ్రీకాకుళం మీదుగా వెళ్తే సిటీలోకి పోకుండానే మధురవాడలో స్టేడియం తగులుతుంది. మొదటి రోజు వెళ్లాను. ఓపెనర్ యశస్వి ఒకవైపు దంచుతున్నా, భరత్ దిగినప్పుడు వచ్చిన అరుపులు వేరు. 17కే ఔటయ్యాడు, రెండో ఇన్నింగ్స్‌లో 6. రాజ్‌కోట్‌లో అతని చోట కీపర్‌గా జురెల్ వచ్చాడు, రాంచీలో 90, 39 నాటౌట్ చేశాడు. దాంతో దారి మూసుకుపోయింది.

1971లో వెస్టిండీస్‌లో మనం మొదటిసారి సిరీస్ గెలిచినప్పుడు కీపర్ హైదరాబాద్ వాడు, పి. కృష్ణమూర్తి. 5 టెస్టులూ ఆడి మొత్తం చేసింది 33 పరుగులు! మరో టెస్టు ఆడే అవకాశం ఆయనకీ రాలేదు, కానీ ఆ సిరీస్ అంతా ఉంచారు. ఇప్పుడైతే రెండో టెస్టుకే మార్చేస్తారు. ఆ కొలత మార్చింది ఆస్ట్రేలియా కీపర్ గిల్‌క్రిస్ట్, మన దేశంలో ధోని. ధోని తొలి అంతర్జాతీయ శతకం 2005 ఏప్రిల్ 5న అదే విశాఖలో, పాకిస్తాన్ మీద 123 బంతుల్లో 148. ఆ మ్యాచ్‌లో బౌండరీ దగ్గర బంతులు అందించిన బాల్ బాయ్‌లలో భరత్ ఒకడు. కీపర్ అంటే ఇలా కొట్టాలని దేశం మొత్తం తీర్మానించుకున్న రోజున, ఆ తీర్మానం రేపు ఎవరి మీద పడుతుందో ఆ కుర్రాడికేం తెలుసు.

నా మీదా పడింది లెండి. ఒక సెలక్షన్ మ్యాచ్‌లో ఒక్క బై (కీపర్ బంతి వదిలేస్తే వచ్చే పరుగు) కూడా ఇవ్వలేదు. తీసుకున్నది ఓపెనింగ్ చేసే ఇంకో అబ్బాయిని, గ్లవ్స్ అతనికి రెండో పని. అప్పుడు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు ఇక్కడి పిల్లల టీము నేనే వేస్తున్నాను, నేనూ అలాగే చేస్తున్నాను. పదకొండు మందిలో బ్యాటింగ్ రాని చోటు ఇంకోటి పెట్టుకోలేం కదా.

మీ తమ్ముడికి చెప్పండి: నెట్స్‌లో బ్యాటింగ్ ముందు చేయమనండి, కీపింగ్ డ్రిల్స్ తర్వాత. చాలామంది కీపర్లు తిరగేసి చేసి, అలసిపోయాక నాలుగు బంతులు ఆడి ఇంటికి పోతారు. ఆరు, ఏడు నంబర్లలో దిగినప్పుడు ఎక్కువగా ఎదురయ్యేది స్పిన్, పాత బంతి, అవతల బ్యాటింగ్ అంతగా రాని టెయిలెండర్. కాబట్టి స్వీప్, సింగిల్ తీసి స్ట్రైక్ తన దగ్గరే ఉంచుకోవడం ఇప్పట్నుంచే నేర్చుకోవాలి. కీపింగ్‌కి ఇంట్లో గోడకి టెన్నిస్ బంతి కొట్టి ఒంటిచేత్తో పట్టడం రోజూ కాసేపు చాలు. మీరూ సరిహద్దుకి ఇవతలే ఉంటే జిల్లా సెలక్షన్లు ఒడిశా క్రికెట్ సంఘం కిందకే వస్తాయి, విశాఖ దగ్గరే కదా అని అటు చూస్తూ కూర్చోకండి.