ఫిట్స్ సంగతి ఫారంలో రాయాలా, దాచాలా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల గుంటలు చేస్తాను. మా పాప ఇంటర్ బైపీసీ అయ్యాక యూకేలో బీఎస్సీ నర్సింగ్‌కు అప్లై చేసింది. ఇంటర్వ్యూ బాగా చేసింది, కండిషనల్ ఆఫర్ (షరతులతో సీటు) వచ్చింది. ఇప్పుడు ఆరోగ్యం గురించి పెద్ద ఫారం పంపారు. పాపకు తొమ్మిదో తరగతిలో ఫిట్స్ వచ్చాయి. మాత్రలు వాడుతోంది, మూడేళ్లుగా మళ్లీ రాలేదు. ఏజెంటేమో ‘అన్నిటికీ నో పెట్టేయండి సార్, ఎవరు చూడొచ్చారు’ అంటున్నాడు. రాస్తే సీటు పోతుందేమోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: రాయండి. ఫిట్స్ వచ్చిన సంగతి, వాడుతున్న మాత్రలు, చివరిసారి ఎప్పుడు వచ్చిందీ అన్నీ రాయండి.

ఏజెంటు మాటను నేను పెద్దగా తప్పు పట్టను. పాప చేరితే అతని పని అయిపోతుంది. రెండో ఏడాదిలో వచ్చే తలనొప్పి మీది.

మన దగ్గర నర్సింగ్ సీటంటే మార్కులు, ర్యాంకు, దాంతోపాటు ఓ మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ మీద చాలాచోట్ల సంతకం ఎలా పడుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అక్కడ లెక్క వేరు. డిగ్రీ చేతికి వచ్చినంత మాత్రాన నర్సు కారు. నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. అలా ఎక్కాలంటే కోర్సు చివర యూనివర్సిటీ ‘ఈమె ఆరోగ్యం, నడవడిక ఈ వృత్తికి సరిపోతాయి’ అని కౌన్సిల్‌కు పూచీ పడాలి. ఆ పూచీ కోసమే మొదటి రోజు నుంచి గమనిస్తారు. దీన్నే వాళ్లు ఫిట్‌నెస్ టు ప్రాక్టీస్ అంటారు.

మీరు భయపడుతున్న మాట ‘ఆరోగ్యం’. ఏ జబ్బూ ఉండకూడదని దాని అర్థం కాదు, కౌన్సిలే ఈ మాట స్పష్టంగా చెప్పింది. జబ్బు ఉన్నా రోగికి ప్రమాదం లేకుండా పని చేయగలదా అన్నదే ప్రశ్న. షుగర్ ఉన్నవాళ్లూ, డిప్రెషన్‌కు మందులు వాడేవాళ్లూ అక్కడ నర్సులుగా చేస్తున్నారు. ఫారం ఆక్యుపేషనల్ హెల్త్ విభాగానికి, అంటే పనికి ఆరోగ్యం సరిపోతుందా అని చూసేవాళ్లకు వెళ్తుంది. అవసరమైతే వాళ్లు పాపతో మాట్లాడతారు, టీకాల వివరాలు అడుగుతారు. చివరికి యూనివర్సిటీకి చెప్పేది ‘ఫిట్’ అనో, ‘ఫలానా సర్దుబాట్లతో ఫిట్’ అనో, ‘ఫిట్ కాదు’ అనో. పాప అనుమతి లేకుండా జబ్బు వివరాలు బయటపెట్టరు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ భయం సగం సీటు గురించే అయినా మిగతా సగం సంబంధాల గురించి అయ్యుంటుంది. మీ బంధువుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసని నేను అడగను. ఆ ఫారం మాత్రం కావలికి రాదు.

సర్దుబాటు అంటే, వరసగా నైట్ డ్యూటీలు వేయకపోవడం లాంటిది. నిద్ర చాలకపోతే కొందరికి ఫిట్స్ వస్తాయి కదా. వైకల్యం ఉన్నవాళ్లకు చదువులో ఇలాంటి వెసులుబాటు ఇవ్వాలని అక్కడ 2010 నాటి ఈక్వాలిటీ చట్టం చెప్తుంది. ఫిట్స్ కూడా మామూలుగా ఆ చట్టం కిందికి వస్తుంది. కానీ చెప్పని జబ్బుకు వెసులుబాటు ఎవరిస్తారు?

రాస్తే సీటు గ్యారంటీ అని నేను అనను. రోగులకు ఇబ్బంది అనుకుంటే కాదనే అధికారం వాళ్లకుంది. కాకపోతే మూడేళ్లుగా అదుపులో ఉన్న కేసులో అవకాశం బాగానే ఉంటుంది. దాచి దొరికితే మాత్రం బయటపడే దారి కష్టం. ఒకరోజు వార్డులో పాప పడిపోయిందనుకోండి. పాత ఫారం తీస్తారు. అందులో ‘నో’ ఉంటుంది. అక్కడి నుంచి విచారణ ఫిట్స్ మీద కాదు, అబద్ధం మీద. కమిటీ పిలుస్తుంది. హెచ్చరికతో వదలొచ్చు, షరతులు పెట్టొచ్చు, కోర్సు నుంచి తీసేయనూ వచ్చు. తీసేస్తే ఆ సంగతి యూనివర్సిటీ వీసా వాళ్లకు చెప్పాల్సిందే. రెండు పంటల డబ్బు ఫీజు కింద పోయాక పాప తిరుగు విమానం ఎక్కాలి.

న్యూరాలజిస్టు దగ్గర ఇంగ్లిషులో ఒక లెటర్ తీసుకోండి. జబ్బు పేరు, చివరిసారి ఫిట్స్ వచ్చిన తేదీ, మోతాదు, మందు అసలు పేరు ఉండాలి. మన బ్రాండు పేర్లు అక్కడ తెలియవు. డ్రైవింగ్ సంగతి కూడా పాపకు చెప్పండి: ఫిట్స్ లేకుండా 12 నెలలు గడిస్తేనే అక్కడ కారు లైసెన్స్ ఇస్తారు. ఆ లెక్కన తనకు ఇబ్బంది లేదు.

ఇక మీరు అడగని సంగతి ఒకటి. ఆరోగ్యం కంటే మన పిల్లలు తడబడేది నడవడిక దగ్గర. చెడ్డవాళ్లయి కాదు, ఇక్కడి అలవాటు వల్ల. రికార్డు సీనియర్ దగ్గర చూసి దించడం, ప్రాక్సీ అటెండెన్స్, ఇవి మనకు తప్పులుగా కనిపించవు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూల్ ప్రకారం డిగ్రీ ఇచ్చేలోపు ప్రాక్టికల్ హాజరు 100 శాతం ఉండాలి. ఆ నూరు ఎలా నిండుతుందో ఏ నర్సింగ్ స్టూడెంట్‌నైనా అడగండి, నవ్వుతారు.

యూకే కోర్సులో ప్రాక్టికల్ శిక్షణ 2,300 గంటలు. ప్రతి షిఫ్టుకూ షీటు ఉంటుంది, వార్డువాళ్లు సంతకం పెడతారు. రాత్రి ఎనిమిది దాకా ఉండాల్సిన షిఫ్టు. పని తక్కువగా ఉందని సిస్టర్ ఆరింటికే ‘ఇంటికి వెళ్లు’ అంది. షీటులో ఆరు అనే రాయాలి. ఎనిమిది అని రాస్తే ఆ రెండు గంటలు నిజాయితీ కేసు అవుతాయి. వార్డులో రీలు తీసి, వెనక రోగి మంచం కనిపించినా అంతే. ఇవి పాపకు చెప్పడానికి సిగ్గుపడకండి. అక్కడికి వెళ్లాక ఎవరూ బుజ్జగించి చెప్పరు.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో అప్లై చేయండి, వెరిఫికేషన్ మన స్టేషన్ నుంచే జరుగుతుంది. దానికి ఏజెంటు అక్కర్లేదు.

ముందు ఒక పని ఈ రాత్రికే చేయండి. అప్లికేషన్‌లో ఉన్నది ఎవరి మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో ఏజెంటును అడగండి. తన దగ్గరే ఉందంటే తీసుకుని మార్చేయండి. ఫారం తెరిచి చూస్తే ‘నో’లు అప్పటికే టిక్ అయి, సబ్మిట్ కూడా అయ్యి ఉండొచ్చు. అలాగైతే పాప పేరుతోనే అడ్మిషన్స్ వాళ్లకు రెండు వాక్యాల మెయిల్ పెట్టించండి: ఫారంలో తప్పు పడింది, సరైన వివరాలతో డాక్టరు లెటర్ పంపుతున్నాను అని.