పిన్ నంబరు స్క్రీన్ పక్కనే రాసి పెడితే ఎలా?

ప్రశ్న: పన్నెండేళ్లుగా పొక్లెయిన్ నడుపుతున్నాను. ఓనరు ఈమధ్య స్క్రీన్ ఉన్న కొత్త 20 టన్నుల మెషీన్ తెచ్చారు. డీజిల్ ఎక్కువ తాగుతోందని, మెషీన్ వివరాలు చూపించే ఫోన్ యాప్‌లో ఐడిల్ గంటలు (పని లేకుండా ఇంజిన్ ఊరికే తిరిగిన గంటలు) పెరిగాయని రోజూ తిట్లు తింటున్నాను. ఎలా నేర్చుకోవాలి?
– ఒక ఆపరేటర్, చీమకుర్తి

జవాబు: ఇదే గోడు ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. తప్పు మీ చేతుల్లో లేదు. మెషీన్ అప్పగించిన రోజు ఓ గంట చూపించి, ఇంగ్లిష్ మాన్యువల్ సీటు వెనక పడేసి పోతే ఎవరికైనా ఇంతే.

లివర్ల పని మీకు నేను చెప్పక్కర్లేదు. డీజిల్ పోయేది మోడ్ దగ్గర. పొద్దున పవర్ మోడ్ పెడితే చాలామంది సాయంత్రం దాకా మార్చరు. రాయి పెకలించడానికి అది కావాలి. వదులు మట్టి టిప్పర్‌కి ఎత్తడానికి ఎకానమీ మోడ్ చాలు. ఆటో ఐడిల్ ఆపేయకండి. లివర్లు వదిలిన కొన్ని సెకన్లకే ఇంజిన్ వేగం తగ్గుతుంది, ముట్టుకోగానే మళ్లీ అందుకుంటుంది. టిప్పర్ ఆలస్యమయ్యేలా ఉంటే రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నెమ్మదిగా తిరగనిచ్చి ఆపేయండి, టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం) చల్లబడుతుంది. మీ మెషీన్‌కి పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటే, అది మసి కాల్చుకుంటున్న గుర్తు వచ్చినప్పుడు మాత్రం మధ్యలో ఆపొద్దు. అప్పుడు లోపల వేడి సుమారు 600 డిగ్రీలు ఉంటుంది, ఎండుగడ్డి దగ్గర నిలబెట్టొద్దు.

నన్ను అసలు భయపెట్టేది వేరే ఉంది. పోయిన వేసవిలో ఒక క్వారీకి వెళ్లాను. మెషీన్ స్టార్ట్ చేసే పిన్ 1234 అని మార్కర్‌తో స్క్రీన్ పక్కనే రాసి ఉంది. హెల్పర్ చదవొచ్చు, టీ తెచ్చే కుర్రాడు చదవొచ్చు. ఒకే రకం మెషీన్లు చాలావాటికి ఒకే తాళంచెవి పడుతుందని ఈ ఫీల్డులో అందరికీ తెలుసు. అలాంటప్పుడు పిన్నే కదా అసలు తాళం! కంపెనీలదీ ఇదే నిర్లక్ష్యం. ఆ పిన్ మార్చందే మొదటిసారి ఇంజిన్ స్టార్ట్ కాకుండా చేయడం వాళ్లకు ఏమంత కష్టం?

యాప్ లాగిన్ ఇంకా ప్రమాదం. మెషీన్‌లో సిమ్, జీపీఎస్ ఉంటాయి. కొన్నిటిని దూరం నుంచే కదలకుండా చేయొచ్చు. 2022లో ఉక్రెయిన్‌లోని మెలిటోపోల్‌లో ఒక డీలర్ దగ్గర రష్యా సైనికులు ఎత్తుకెళ్లిన వ్యవసాయ యంత్రాలు చెచెన్యా దాకా వెళ్లాయి. తీరా అక్కడ నడపబోతే, అప్పటికే దూరం నుంచి లాక్ చేసేశారు. దొంగలను ఆపిన ఆ మీట, పాస్‌వర్డ్ దొరికినవాడి చేతిలో పడితే మీ పని ఆపుతుంది. ఆ పాస్‌వర్డునేమో ఓనర్లు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు! సెకండ్ హ్యాండ్ మెషీన్ కొన్నవాళ్లలో పాత ఓనరు ఖాతా తీయించినవాళ్లు నాకు ఇద్దరే కనిపించారు. మిగతావాళ్ల మెషీన్ ఏ ఊళ్లో ఉందో పాతాయన ఫోన్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉండొచ్చు. ఎర్రర్ కోడ్ చెరిపేస్తానని క్రాక్ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చే మెకానిక్‌ని కూడా మెషీన్ మీద చెయ్యి వెయ్యనివ్వకండి.

రేపు ఓనరుతో కూర్చుని ముందు పిన్ మార్పించండి. తర్వాత యాప్‌లో చూడటానికి మాత్రమే వీలుండే లాగిన్ మీ పేరున తీయించుకోండి. ఐడిల్ ఏ పూట పెరిగిందో మీ కళ్లతో మీరే చూసుకోవచ్చు. టిప్పర్లు రాక నిలబడిపోయిన గంటలు ఎన్నో ఓనరుకు అందులోనే చూపించండి.