పార్ట్‌టైమ్ జీతాన్ని బడ్జెట్‌లో ఎంతవరకు లెక్కలోకి తీసుకోవచ్చు?

ప్రశ్న: మాస్టర్స్ కోసం బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికాలలో ఏదో ఒక దేశానికి వెళ్లాలనుకుంటున్నాను. మొదటి విడత ఫీజుకు విద్యారుణం తీసుకుంటున్నాను. నెలవారీ ఖర్చులు, మిగతా ఫీజు పార్ట్‌టైమ్ ఉద్యోగంతో సంపాదించుకోగలనా?

జవాబు: ఇంటివారికి భారం కాకూడదన్న మీ ఆలోచన మెచ్చుకోదగినదే. అయితే నెలవారీ ఖర్చుల్లో కొంత భాగాన్ని మాత్రమే ఈ ఆదాయంతో భరించగలరు, ఫీజుకు దీన్ని నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ముందుగా వీసా నిబంధనలు చూడండి. బ్రిటన్‌లో డిగ్రీ, ఆపై స్థాయి కోర్సుల విద్యార్థులు తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అక్కడ వారమంటే సోమవారం నుంచి ఆదివారం వరకు. ఒక వారం 25 గంటలు చేసి, మరుసటి వారం 15 గంటలతో సరిపెట్టుకున్నా అది ఉల్లంఘనే అవుతుంది. మాస్టర్స్ విద్యార్థులు డిసర్టేషన్ (కోర్సు చివరి పరిశోధన వ్యాసం) రాసే వేసవి కూడా సాధారణంగా సెలవుల కిందికి రాదు కాబట్టి, అప్పుడు పూర్తికాలం పనిచేయవచ్చని వేసుకునే లెక్కలు తప్పుతాయి. డెలివరీ యాప్‌ల పని లాంటి స్వయం ఉపాధికి అనుమతి లేనందున, మరొకరి ఖాతాతో డెలివరీ పనిచేయమని ఎవరు చెప్పినా దయచేసి ఒప్పుకోకండి, ఎందుకంటే అక్కడ పోయేది ఉద్యోగం కాదు, వీసా. ఆస్ట్రేలియాలో తరగతుల కాలంలో రెండు వారాలకు 48 గంటలు పరిమితి. అమెరికాలో మొదటి విద్యా సంవత్సరంలో దాదాపు క్యాంపస్ లోపలి పనికే అవకాశం, అదీ తరగతులప్పుడు వారానికి 20 గంటలే.

ఇక లెక్క. చాలామంది 20 గంటలను 52 వారాలతో గుణించి, ఏడాదికి 1,040 గంటల జీతం రాసుకుంటారు. నేనైతే 12 గంటలను 36 వారాలతో గుణించి 432 గంటలే రాస్తాను. ఉద్యోగం దొరకడానికి కొన్ని నెలలు పట్టవచ్చు, పరీక్షల ముందు షిఫ్టులు వదులుకోవాలి, పైగా గంటల హామీ లేని ఒప్పందమైతే రద్దీ తగ్గగానే మీ పేరు రోస్టర్‌లో (షిఫ్టుల జాబితాలో) ఉండదు. జీతం స్లిప్పు వచ్చాక పనిచేసిన గంటలు, జీతం లేని విరామం, పన్ను కోత అన్నీ సరిచూసుకోండి. ఎనిమిది గంటల షిఫ్టులో అరగంట విరామానికి జీతం ఇవ్వకపోతే చేతికొచ్చేది ఏడున్నర గంటల డబ్బే. ఆ 432 గంటలను అక్కడి కనీస వేతనంతో గుణించి, ఏడాది అద్దె, తిండి, ప్రయాణ ఖర్చులతో పోల్చితే ఎంత లోటు ఉంటుందో బయలుదేరకముందే తెలుస్తుంది.

కనీసం ఆరు నెలల జీవన వ్యయం చేతిలో ఉంచుకునే వెళ్లండి. మిగతా ఫీజు కోసం, కోర్సు మొత్తానికీ రుణం మంజూరు చేయమని బ్యాంకును ఇప్పుడే అడగండి. సాధారణంగా విడతలవారీగా విడుదలైన మొత్తంపైనే వడ్డీ పడుతుంది కనుక, ఎక్కువ మంజూరైనంత మాత్రాన ఎక్కువ వడ్డీ కట్టాల్సిన పని ఉండదు. పార్ట్‌టైమ్‌లో మిగిలినంత డబ్బుతో ఆ వడ్డీని నెలనెలా చెల్లిస్తూ వస్తే, చదువు పూర్తయ్యేసరికి అది అసలులో కలవకుండా ఉంటుంది.