కొండ మీద హెలికాప్టర్ పిలవాల్సి వస్తే మీ కార్డులో ఎంత మిగిలి ఉంటుంది?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, ఐటీ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. చేతికొచ్చే జీతం 78,000. అద్దె 21,000, తిండి 9,000, కరెంటు, మెయింటెనెన్స్, నెట్ కలిపి 3,000, ప్రయాణాలు 3,500, ఫోన్లు వగైరా 2,000, బైక్ ఈఎంఐ 4,500 (ఇంకా 9 వాయిదాలు ఉన్నాయి), అనంతపురంలో అమ్మానాన్నలకు 12,000. ఐదు నెలలుగా మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 10,000 ఎస్ఐపీ కడుతున్నాను. సేవింగ్స్‌లో 70,000 ఉంది. ఏప్రిల్‌లో బోనస్ చేతికి 90,000 దాకా వస్తుంది. ఈ అక్టోబరులో నలుగురు కొలీగ్స్‌తో నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్ ట్రెక్ అనుకుంటున్నాం. ఫ్లైట్ 28,000, ఏజెన్సీ ప్యాకేజీ 72,000, బూట్లు, జాకెట్, బ్యాగు అన్నీ కలిపి 38,000, పైఖర్చులు 12,000, మొత్తం లక్షన్నర. ఒక యాప్‌లో 16 శాతానికి రెండేళ్ల పర్సనల్ లోన్ ప్రీ-అప్రూవ్డ్ అని చూపిస్తోంది. లేదంటే సామాన్లు క్రెడిట్ కార్డు మీద నో-కాస్ట్ ఈఎంఐలో తీసుకుని, మిగతాదానికి ఎస్ఐపీ అమ్మేద్దామా? కంపెనీ ఇచ్చిన 5 లక్షల ఇన్సూరెన్స్ ఉంది, అందులో అమ్మానాన్నలూ ఉన్నారు. అందుకని ఆ వైపు బెంగ లేదు.

జవాబు: బెంగ ఉండాల్సింది ఆ వైపే. లక్షన్నర దేనికెంత అవుతుందో పైసలతో సహా రాశారు. తేడా వస్తే ఎంతవుతుందో ఒక్క అంకె కూడా రాయలేదు. అప్పు చేసి దూరాలు వెళ్లేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే. అందుకే మీ ఉత్తరానికి కాస్త పొడుగ్గా జవాబిస్తున్నాను.

ముందు అప్పు సంగతి తేల్చేద్దాం. లక్షన్నర, 16 శాతం, 24 నెలలు అంటే వాయిదా సుమారు 7,345. వడ్డీయే 26,000 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు రెండున్నర శాతం, దాని మీద జీఎస్టీ అనుకుంటే ఇంకో 4,425 ముందే పట్టుకుని మీ ఖాతాలో 1,45,575 వేస్తారు. అంటే ట్రెక్ మొదలవక ముందే బడ్జెట్‌లో చిల్లు. పద్దెనిమిది రోజుల సంతోషానికి రెండేళ్లు కట్టుకుంటూ పోవాలి. అప్పు చేసి పప్పు కూడు వద్దన్న పెద్దలు, అప్పు చేసి నేపాల్ వెళ్లి దాల్‌భాత్ తినేవాళ్లు కూడా ఉంటారని ఊహించి ఉండరు. యాప్‌లో ప్రీ-అప్రూవ్డ్ అని పచ్చరంగులో కనిపించినంత మాత్రాన అది మీ డబ్బు అయిపోదు.

ఇప్పుడు అసలు విషయం. మీ తప్పనిసరి ఖర్చు నెలకు 55,000. లోన్ వాయిదా కలిస్తే 62,345. నవంబరులో కొండ దిగి వచ్చాక ఉద్యోగం పోయిందనుకుందాం. బెంగళూరు ఐటీలో ఈ మాట అనుకోవడానికి పెద్ద ఊహాశక్తి అక్కర్లేదు. మీ 70,000 ఒక నెలా నాలుగు రోజులు వస్తుంది. ఉద్యోగంలో చివరి రోజుతోనే కంపెనీ ఇన్సూరెన్స్ కూడా సాధారణంగా ఆగిపోతుంది. అనంతపురంలో నాన్నగారికి ఒంట్లో బాగోలేదని ఫోను వచ్చేది సరిగ్గా ఆ నెలలోనే అయితే? అప్పుడు మళ్లీ అదే యాప్ తెరుస్తారు. ఈసారి 16 శాతానికి ఇవ్వరు.

అక్కడి పరిస్థితి కూడా చూడండి, ఎందుకంటే మీ డబ్బు లెక్క ఆ దారి మీద ఆధారపడి ఉంది. బేసిసహర్ దగ్గర 800 మీటర్ల లోపు ఎత్తులో మొదలై, మర్స్యాంగ్డి నది లోయ వెంబడి, జలపాతాల కింద నుంచి తాల్, చామే, పిసాంగ్ మీదుగా మనాంగ్ చేరేసరికి 3,500 మీటర్లు. తర్వాత థొరాంగ్ లా కనుమ 5,416 మీటర్లు. ఆ ఒక్కరోజే అవతలి పక్క ముక్తినాథ్‌కి దాదాపు 1,600 మీటర్లు దిగాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలి. మనాంగ్‌లో రెండు రాత్రులు ఉండమనేది ఇందుకే. రోడ్డు పడ్డాక చాలామంది జీపులో చామే దాకా, కొందరు మనాంగ్ దాకా వెళ్లి రోజులు మిగుల్చుకుంటున్నారు. సెలవులు తక్కువున్నవాళ్లు తొందరపడేది, తలనొప్పి, వాంతులతో పడిపోయేది అక్కడే. మీకు 9 సెలవులే ఉంటే, 18 రోజుల ప్రయాణంలో పని దినాలు 14 అయితే, ఐదు రోజులు జీతం కోత. సుమారు 13,000. ఇది కూడా మీ పట్టీలో లేదు.

మంచు పడితే కనుమ మూసుకుపోతుంది, కింద ఊళ్లో కూర్చోవాలి. 2014 అక్టోబరు 12న విశాఖను కొట్టిన హుద్‌హుద్ తుఫాను గుర్తుందా? దాని మిగులు మేఘాలే రెండు రోజుల తర్వాత ఇదే థొరాంగ్ లా చుట్టుపక్కల మంచు తుఫానై 40 మందికి పైగా ప్రాణాలు తీశాయి. అది ట్రెక్కింగ్‌కి మంచి నెల అని అందరూ చెప్పే అక్టోబరు. అవతలి వైపు కాలీగండకీ లోయలో గాలి పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది కాబట్టి జోమ్‌సోమ్ నుంచి పోఖరాకు విమానాలు పొద్దున్నే ఎగురుతాయి, రద్దవడమూ మామూలే. కాఠ్మాండూ నుంచి తిరుగు టికెట్ ఉన్న రోజుకు అక్కడ చేరలేకపోతే కొత్త టికెట్ మీ జేబులోంచే. ఏజెన్సీ ప్యాకేజీ చెప్పిన రోజులకే, అదనపు రోజుల గది, తిండి, గైడు కూలీ మీవే. మూడు రోజుల అదనానికి, రోజుకు 5,000 చొప్పున 15,000 పక్కన పెట్టని బడ్జెట్ ఈ దారికి పనికిరాదు.

ఇక ఇన్సూరెన్స్. కంపెనీ పాలసీ పత్రం తీసి భౌగోళిక పరిధి అన్న చోట చదవండి. దాదాపు అన్నింటిలో చికిత్స భారతదేశంలోనే అని ఉంటుంది. నేపాల్‌కి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డుతో వెళ్లొచ్చు (ఆధార్ చెల్లదు, ఓటరు కార్డో పాస్‌పోర్టో ఉండాలి) కదా అని ఇన్సూరెన్స్ కంపెనీకి అది స్వదేశం అయిపోదు. కాబట్టి విడిగా ట్రావెల్ పాలసీ కావాలి. అదీ ఏదో ఒకటి కాదు. మామూలు పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపు జాబితాలో ఉంటాయి, ట్రెక్కింగ్ అందులో పడుతుంది. ట్రెక్కింగ్ కవర్ ఉందన్న పాలసీలోనూ ఎత్తు పరిమితి మీటర్లలో రాస్తారు. 4,500 మీటర్ల దాకా అని ఉంటే మీరు కనుమ దాటే రోజు, అంటే అన్నిటికంటే ప్రమాదమున్న రోజు, మీకు ఇన్సూరెన్స్ లేనట్టే. మీకు కావలసింది 5,500 లేదా 6,000 మీటర్లు అని రాతపూర్వకంగా ఉన్నది. ఏజెంటు ఫోన్లో ‘అన్నీ కవర్ అవుతాయి సార్’ అంటే లెక్కలోకి రాదు. ఈమెయిల్ తెప్పించుకోండి. బయలుదేరక ముందే, ఇండియాలో ఉండగానే కొనాలి.

హెలికాప్టర్ విషయం ఇంకా జాగ్రత్త. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరితే మందు కంటే ముందు కిందికి దించాలి. నడవలేని మనిషిని దించాలంటే హెలికాప్టరే. ఖర్చు లక్షల్లో ఉంటుంది, మూడు నాలుగు లక్షలకు సిద్ధపడి ఉండాలి. చాలా పాలసీల్లో ఇన్సూరెన్స్ కంపెనీ సహాయ కేంద్రానికి ముందు ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలన్న షరతు ఉంటుంది. లాడ్జి యజమానో గైడో పిలిచేశాక బిల్లు పంపితే తిప్పికొట్టే వీలుంది. అక్కర్లేని రెస్క్యూలు చూపించి ఇన్సూరెన్స్ డబ్బు తినేస్తున్న ముఠాల వ్యవహారం 2018లో నేపాల్ ప్రభుత్వ విచారణలో బయటపడింది. అప్పటినుంచి కంపెనీలు ఈ క్లెయిములను అనుమానంగానే చూస్తాయి. అనుమతి వచ్చేలోగా డబ్బుకు హామీ ఎవరిస్తారని అడుగుతారు. అప్పుడు మీ దగ్గర ఉండే హామీ ఒక్కటే, క్రెడిట్ కార్డులో ఖాళీగా ఉన్న లిమిట్.

మీరేమో ఆ లిమిట్‌నే జాకెట్ కోసం నో-కాస్ట్ ఈఎంఐలో వాడేస్తామంటున్నారు. నో-కాస్ట్ అన్నా వడ్డీ భాగం మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీరే కడతారు. లిమిట్‌లో అంత మేర బ్లాక్ కూడా అవుతుంది. ఒక్క నెల కట్టడం తప్పితే నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ. చలికి వణుకుతూ కొండ మీద పడుకున్నవాడికి ఒంటి మీద జాకెట్ ఉండి కార్డులో లిమిట్ లేకపోవడం కంటే, అద్దె జాకెట్ ఉండి లిమిట్ ఉండటం మేలు.

అద్దె అంటే గుర్తొచ్చింది. కాఠ్మాండూ తమేల్ వీధుల్లో డౌన్ జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులు అద్దెకు దొరుకుతాయి. మీరు సొంతంగా కొనాల్సింది బూట్లు, నాలుగు జతల ఉన్ని సాక్సులు, రెండు జతల థర్మల్స్, వానకోటు, తలకు కట్టుకునే లైటు. బూట్లు మాత్రం అద్దెకు వద్దు, బయలుదేరే వారం కొనొద్దు. రెండు నెలల ముందు కొని కుమార పర్వతమో సావనదుర్గమో ఎక్కి అరగదీయండి. దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగిలితే అర సైజు పెద్దది తీసుకోండి. ఇవన్నీ 14,000లో అయిపోతాయి. 38,000 అక్కర్లేదు. గైడు దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. 2023 ఏప్రిల్ నుంచి నేపాల్ విదేశీ ట్రెక్కర్లకు గైడు తప్పనిసరి చేసింది.

ఎస్ఐపీ అమ్మడం గురించి ఒక్క మాట. ఐదు నెలలదే కాబట్టి ఎగ్జిట్ లోడ్ (ముందే తీసినందుకు పట్టుకునే రుసుం) ఉండొచ్చు, ఈక్విటీ ఫండ్ అయి లాభం ఉంటే 20 శాతం పన్ను. లోన్ కంటే నయమే, అలాగని ట్రెక్ కోసం ముట్టుకోకండి.

నేను చెప్పే దారి ఇది. ఈ జులై నుంచి ఎస్ఐపీ ఆపండి. ఆ 10,000, నెలాఖరుకి మిగులుతున్న 13,000లోంచి 6,000, మొత్తం 16,000 ఎమర్జెన్సీ ఖాతాకు వెళ్లాలి. మీ పీఎఫ్ ఎలాగూ నడుస్తుంది, ఎస్ఐపీ ఆగితే కొంప మునగదు. మార్చిలో బైక్ వాయిదాలు అయిపోతాయి, ఏప్రిల్ నుంచి ఆ 4,500 కూడా ఇందులోకే. ఏప్రిల్ బోనస్‌లో సగం, 45,000, అమ్మానాన్నలకు సొంత ఆరోగ్య పాలసీకి పక్కన పెట్టండి. ప్రీమియం వాళ్ల వయసును, షుగర్, బీపీలను బట్టి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు కలిసొస్తుంది. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వెయిటింగ్ ఉంటుంది, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిము రాదు. కంపెనీ కవర్ ఉండగానే మొదలుపెడితే ఆ మూడేళ్లు దాని నీడలో గడిచిపోతాయి. ఉద్యోగం పోయాక మొదలుపెడితే ఎండలో గడపాలి. బోనస్‌లో మిగతా 45,000 ఎమర్జెన్సీకే.

బైక్ వాయిదా పోయాక మీ తప్పనిసరి ఖర్చు 50,500. ఆరు నెలలకు 3,03,000. దీన్ని స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకే ముడిపడి, కావాలంటే వెంటనే తీసుకోగల డిపాజిట్) సగం, లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) సగం పెట్టండి. ఈ లెక్కన, ఇప్పుడున్న 70,000 కూడా కలుపుకుంటే, వచ్చే ఏడాది అక్టోబరు మొదలయ్యేసరికి ఎమర్జెన్సీ నిండి పైన 79,000 మాత్రమే ఉంటుంది. అది చాలదు. ఆ తర్వాతి ఫిబ్రవరి చివరికి, అంటే 20 నెలలకు, పైన 1,81,500 ఉంటుంది. తగ్గించిన సామాన్లతో ట్రెక్ 1,26,000, అదనపు రోజులకు 15,000, మిగతాది ట్రావెల్ పాలసీకి, జీతం కోతకు. మార్చి చివర, ఏప్రిల్ కూడా ఆ దారికి మంచి కాలమే, కొండల మీద గురాన్స్ (రోడోడెండ్రాన్) పూలు విచ్చే రోజులు. ఎస్ఐపీని అంతకాలం ఆపడం ఇష్టం లేకపోతే ఎమర్జెన్సీ నిండగానే మళ్లీ మొదలుపెట్టి, ట్రెక్‌ను ఇంకో సీజన్ వెనక్కి జరుపుకోండి. అది మీ ఇష్టం.

టర్మ్ పాలసీ, అంటే మీకేదైనా జరిగితే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా, కూడా మీకు లేనట్టుంది. మీ జీతం మీద ఇద్దరు ఆధారపడి ఉన్నారు, కోటికి తీసుకోండి. అప్లికేషన్‌లో ప్రమాదకర హాబీల గురించి అడిగిన చోట ఎత్తయిన ట్రెక్కింగ్ చేస్తానని దాచకుండా రాయండి.

కొలీగ్స్ వెళ్లిపోతున్నారన్న తొందర అర్థమవుతుంది. ఈ అక్టోబరుకు వాళ్లను సాగనంపండి, పోనీ వాళ్లతో ఓ వారాంతం కుమార పర్వతం ఎక్కండి, బస్సు, తిండి, అటవీ శాఖ రుసుం కలిపి ఐదు వేలలోపే. వాళ్లు తిరిగొచ్చాక మనాంగ్‌లో ఎన్ని రోజులు ఆగారో, ఎవరి పాలసీలో ఎన్ని మీటర్లు రాసి ఉందో, గైడుకు అదనంగా ఎంతిచ్చారో అడిగి రాసి పెట్టుకోండి. మీ పట్టీకి అవి పనికొస్తాయి. యాప్‌ను మాత్రం ఈరోజే ఫోన్‌లోంచి తీసేయండి.