కూటమి, కూడమి

సందేహం: 'కూటమిలోని మిత్రపక్షం' అన్న ప్రయోగం వార్తలలో తరచుగా కనిపిస్తున్నది. ఇది పునరుక్తి కాదా? కూటమిలోని చిన్న ప్రాంతీయ పార్టీని ఏమని వ్రాయాలి?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: పునరుక్తి ఉన్నమాట నిజమే గాని, ముందు 'కూటమి'నే పరిశీలించాలి. ఆడు నుంచి ఆట, పాడు నుంచి పాట వచ్చినట్టే కూడు నుంచి కూట వచ్చి, 'మి' చేరి కూటమి అయింది. ఓడు నుంచి ఓటమి పుట్టిన తీరూ ఇదే. ఇది కూడటమనే పనికి పేరే గాని కూడినవారికి పేరు కాదు. గుంపు అన్న అర్థానికి పూర్వులకు కూటువ వేరే ఉంది. ఇక టకారం స్థానంలో డకారం ఉంచి 'కూడమి' అంటే, చేయమి, ఎరుగమి వలె వ్యతిరేక రూపమై, చేరకపోవటమన్న అర్థం వస్తుంది. ఒక్క హల్లుతో అర్థం తలకిందులయ్యే ఇంతటి సొగసును మన పిల్లలకు చెప్పేవారు కరవవటం బాధాకరం.

ఈ రెంటికీ ఉదాహరణలు కావాలంటే, మన నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానకవి తిక్కన సోమయాజి తెనిగించిన ఉద్యోగపర్వ కథను తలచుకోవాలి. సాత్యకి ఒక అక్షౌహిణితో వచ్చి ధర్మరాజును కలిశాడు. ఆ సేన పాండవబలంలో, సముద్రంలో చిన్న నది వలె, కలిసిపోయిందని వ్యాసుడన్నాడు. అది కూటమి. సేన కలిసింది గాని సాత్యకి పేరు మరుగున పడలేదు. రుక్మిణి అన్న రుక్మి కూడా సేనతోనే వచ్చాడు. 'నీకు భయమైతే నేను తోడుంటాను' అని అర్జునుడి ఎదుట గొప్పలు పలికి తిరస్కారం పొంది, దుర్యోధనుడి వద్దకు పోయి అక్కడా కాదనిపించుకొని, ఇల్లు చేరాడు. అది కూడమి.

ఇక 'మిత్రపక్షం' సంగతి. పక్షానికి రెక్క, వైపు, పదిహేను తిథులు అన్నవి ప్రసిద్ధార్థాలు. ఇక్కడ పొసగేది వైపు అన్న అర్థమే. మిత్రత్వమన్నది ఇరువైపులా ఉంటుంది. 2024 ఎన్నికలలో 135 శాసనసభ స్థానాలు గెలిచిన తెలుగుదేశానికి, 21 గెలిచిన జనసేన ఎంత మిత్రపక్షమో, జనసేనకు తెలుగుదేశమూ అంతే మిత్రపక్షం. ఆ మాటను చిన్న పార్టీకే కేటాయించటం మన విలేకరులు మానుకోవలసిన అలవాటు. 'తోకపార్టీ' అనటమైతే తిట్టే. వార్తలో దానికి చోటు ఉండకూడదు.

కూటమి సమూహార్థంలో స్థిరపడిపోయింది కనుక దానిని తప్పనను, మెచ్చుకోనూలేను. 'కూటమిలోని జనసేన' అని పేరుతో వ్రాస్తే చాలు, మిత్రపక్షమన్న విశేషణం అక్కరలేదు. పేరు చెప్పకుండా వ్రాయవలసివస్తే 'భాగస్వామ్య పక్షం' కొంత నయం. అయితే ఆ భాగం పోటీలోనా, ప్రభుత్వంలోనా అన్నది వాక్యంలో తేలాలి. మంత్రిపదవులు తీసుకోకుండా బయటనుంచి మద్దతునిచ్చే పార్టీకి ఆ మాట చెల్లుతుందని మాత్రం గట్టిగా చెప్పలేను.